ఎక్కడా నీడ పడకూడదు

గలాట్స్,
2014 సెప్టెంబరు 9

నెకులాయ్ అన్నయ్యకి,

నీ చెల్లెలు రుక్సాంద రాస్తున్నది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ పోయినసారి నేను అరిచిన అరుపులకి కింది అంతస్తు ఫ్రోసా చెప్పులైనా వేసుకోకుండా పైకి పరుగెత్తుకొచ్చింది, నన్నెవరో చంపుతున్నారనుకుని. నీకు మాత్రం ఒక్క ముక్కా వినపడలేదు. ముప్పై రెండేళ్ళు ఓడలు కట్టే యార్డులో సుత్తుల మోత మధ్య వైర్లు లాగిన చెవులు. వాటిని మాత్రం ఏమంటాం? అందుకే కాగితం తీశాను.

మా బిల్డింగులో పాత ఇనప గొట్టాలు మార్చేస్తున్నారు. కింది నుంచి పైదాకా ఒకటే గొట్టం కాబట్టి అందరి గోడలూ పగలాల్సిందే. వంటగది గోడ, దాని వెనకే ఉన్న స్నానాలగది గోడ, రెండూ నోరు తెరుచుకుని ఉన్నాయి. అన్నం మెతుకుల్లో సిమెంటు తగులుతోంది. ఎలాగూ పగిలింది కదా, రెండు గదులూ కొత్తగా చేయించేస్తానని తాపీమేస్త్రి పందెలేతో చెప్పాను. వైర్ల పని కూడా అతనే చేస్తాడు, కానీ ఏ దీపం ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియదు. "గదికొక బల్బు నడిమధ్యన వేలాడదీద్దాం అమ్మా, దేవుడు సూర్యుణ్ణి ఒక్కణ్ణేగా పెట్టాడు" అంటాడు.

కొలతలు రాస్తున్నాను. వంటగది మూడు మీటర్ల పొడుగు, రెండుంపావు వెడల్పు, కిటికీ పడమటికి. స్నానాలగది అందులో సగం, కిటికీ లేదు. రెండింటి తలుపుల ముందూ నాలుగడుగుల వెడల్పు నడవ. నాకు కావలసింది ఒకటే. ఎక్కడా నీడ పడకూడదు. గట్టు మీద, నేల మీద, మూలల్లో, తలుపు వెనక, ఎక్కడా. నువ్వు గీసి పంపితే పందెలే చేతికిస్తాను.

నా భర్త గురించి నువ్వడగవు. అయినా పదమూడేళ్ళుగా రాస్తున్నట్టే రాస్తున్నాను. తోదేర్ బాగున్నాడు. రేడియో దగ్గర కూర్చున్నాడు.

చేతులకి సున్నం అంటుకుని ఉంది, కాగితం మీద మరకలకి ఏమీ అనుకోకు.
నీ రుక్సాంద


సిబియూ,
2014 సెప్టెంబరు 17

చెల్లీ,

ఉత్తరం అందిన రోజే స్కేలూ పెన్సిలూ తీశాను. హెర్మినా పోయి నేను ఒంటరివాణ్ణయ్యాక ఈ బల్ల మీద రొట్టెముక్కలు తప్ప మరేమీ పరవలేదు. ఇన్నాళ్ళకి పని దొరికినందుకు నీకు కృతజ్ఞుణ్ణి.

ముందుగా ఒక మాట. నీ కళ్ళు ఎప్పుడు చూపించుకున్నావు? నీడ పడకూడదు, నీడ పడకూడదు అని అన్నిసార్లు రాసిన మనిషికి కళ్ళు బాగుండి ఉండవు. గదికొక్క నలభై వాట్ల బల్బు మించి వెలిగించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన రోజుల్లో ఆ బల్బు కిందే ఊళ్ళోవాళ్ళ పెళ్ళిబట్టలన్నీ కుట్టావు. శుక్లాలొచ్చాయేమో. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

ఇక దీపాలు. మధ్యన వేలాడే బల్బు నీ వెనక ఉంటుంది, నీ నీడ నీ కూరల మీదే పడుతుంది. కాబట్టి పై అల్మరాల అడుగున పట్టీ దీపం పెట్టించు. గోడ వైపు కాదు, ముందు అంచున, చిన్న చెక్క అడ్డుతో. అప్పుడు కంటికి కొట్టదు. నీది ఎడమచేతివాటం గనుక సింకు దగ్గరి దీపం కుడివైపు నుంచి రావాలి. కత్తి పట్టిన చెయ్యి తన పని తనే చీకటి చేసుకోకూడదు. స్నానాలగది కప్పులో నాలుగు చిన్న దీపాలు, బాగా తెల్లటివి, బాగా గట్టివి. అద్దం పైన ఒకటి. తొట్టి దగ్గర నీళ్ళు లోపలికి పోని రకమే కొనాలి, స్విచ్చి తలుపు బయటే ఉండాలి. ఇందులో పందెలే చమత్కారాలేవీ వద్దు. గోడకీ నేలకీ మెరిసే టైల్స్ వేయించు, వెలుతురు రెట్టింపవుతుంది.

బొమ్మ జతపరిచాను. ఎర్ర గీత వైరు, నీలం గీత నీళ్ళ గొట్టం. రెండింటినీ కలవనివ్వకు.

కళ్ళ సంగతి మరిచిపోకు.
అన్నయ్య


గలాట్స్,
2014 అక్టోబరు 2

అన్నయ్యకి,

బొమ్మ చూసి పందెలే టోపీ తీశాడు. "ఈయన ఓడలకి కూడా ఇలాగే గీసేవాడా?" అన్నాడు. నీలం గీతని కూడా వైరే అనుకున్నాడు గానీ, సమయానికి నేను పక్కనే ఉన్నాను.

వంటగదిలో గట్టు మీద వెలుతురు చాలా బాగుంది. ఉల్లిపాయ తరుగుతుంటే ఉల్లిపాయే కనిపిస్తోంది. స్నానాలగది మాత్రం కుదరలేదు. మురికి కనపడదు కదా అని నేలకి ముదురు బూడిదరంగు టైల్స్ తీసుకున్నాను, నువ్వు చెప్పినట్టు మెరిసేవే. ఇప్పుడు నీ నాలుగు దీపాలూ నేల మీద నాలుగు చోట్ల తళతళమంటున్నాయి. చూస్తే నేలంతా నీళ్ళు నిలిచినట్టుంది. అడుగు వేయాలంటే భయం వేస్తోంది. దీపాలకీ దీపాలకీ మధ్య ఖాళీలు నల్లగా కనిపిస్తున్నాయి. నీడ వద్దంటే నీడలు నాలుగయ్యాయి.

ఇంకొకటి అడుగుతాను, విసుక్కోకు. అద్దంలో మనిషి కనపడకుండా దీపం పెట్టే ఉపాయం ఏదైనా ఉందా? అద్దం తీసేయమనకు. అది గోడలోకి అతికించిన అల్మరా తలుపు, వెనకాల మందులు ఉంటాయి.

వర్షాలు పట్టుకున్నాయి. నది బురదరంగులో పారుతోంది. నాకు నిద్ర చాలడం లేదు, అందుకే అక్షరాలు వంకరపోతున్నాయి, కళ్ళ వల్ల కాదు.
రుక్సాంద


సిబియూ,
2014 అక్టోబరు 10

చెల్లీ,

నలభై మీటర్ల ఓడ కడుపులో దీపాలు పెట్టినవాణ్ణి, రెండు మీటర్ల స్నానాలగదిలో తప్పు పట్టించుకున్నాను. సరే. నేలకి నల్లటివి వేయమని నేను చెప్పలేదు. ఆ మాట కాగితం మీద ఎక్కడుందో చూపించు.

నేల మెరుస్తోంటే పాత తువ్వాలు ఒకటి పరుచుకుని నడు. నీళ్ళు కావని నీకు తెలుసు కదా, తెలిసి కూడా భయపడటమేమిటి?

అద్దం సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. హెర్మినా కూడా అరవై దాటాక ఇదే అడిగింది, "ముడతలు కనపడని బల్బు ఏదైనా ఉందా" అని. లేదమ్మా. డెబ్బయ్యో ఏట అందరి ముఖాలూ ఇంతే. ఆ ముసలమ్మ ఎవరో నీకు తెలుసు, పొద్దున్నే ఒక దండం పెట్టి పళ్ళు తోముకో, అలవాటైపోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా? రెండు ఉత్తరాలయింది. జవాబు లేదు.
అన్నయ్య


గలాట్స్,
2014 అక్టోబరు 24

అన్నయ్యకి,

నా కళ్ళు బాగున్నాయి. ఇక అడగకు.

మూడు ప్రశ్నలు. నడవలో గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులో, వరసగా చిన్న దీపాలు పెట్టించవచ్చా? చీకటి పడకముందే, నేను స్విచ్చి వేయకుండానే అన్ని దీపాలూ వాటంతటవే వెలిగేలా చేయవచ్చా? స్నానాలగది తలుపు ఎప్పుడూ తీసి ఉంచితే లోపలి దీపం నడవ చివరిదాకా కనిపిస్తుందా?

జవాబు త్వరగా రాయి. పందెలే వచ్చే నెల వేరే పనికి వెళ్ళిపోతాడు.
రుక్సాంద


సిబియూ,
2014 నవంబరు 3

రుక్సాందా,

పది రోజులు ఆలోచించి రాస్తున్నాను.

నేలవారన దీపాలు పెట్టేది హోటళ్ళలో. వాటంతటవే వెలిగేవి పెట్టేది కొనడానికి వచ్చేవాళ్ళకి చూపించే ఇళ్ళలో. మెరిసే నేల నీకు నచ్చదు, అద్దం నచ్చదు, నీ ముఖం నువ్వు చూసుకోనంటావు, కళ్ళు బాగున్నాయంటావు. అయితే ఈ దీపాలు నీకోసం కాదు. నువ్వు ఇల్లు అమ్మేస్తున్నావు.

అమ్మితే అమ్ము, నీ ఇల్లు. కానీ అమ్మ ఆఖరి శ్వాస విడిచిన గది అందులోనే ఉంది. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? నా చేత గీయించి, నా వెలుతురులో ఇల్లు చూపించి అమ్ముకుందామనుకున్నావా? ఇది నీకు పుట్టిన ఆలోచన కాదు. ఎవరి ఆలోచనో నాకు తెలుసు. ఆయన నోటికి నేనెప్పుడో దణ్ణం పెట్టి వచ్చేశాను. ఇప్పుడు ఆయన ఇంటికి దీపాలు కూడా నేనే పెట్టాలా?

నీ ప్రశ్నలకి జవాబు: పెట్టించవచ్చు, చేయవచ్చు, కనిపిస్తుంది.
నెకులాయ్


గలాట్స్,
2014 నవంబరు 12

అన్నయ్యా,

ఇల్లు అమ్మడం లేదు. ఈ ఉత్తరం పూర్తిగా చదువు, మధ్యలో కోపం వచ్చి పక్కన పెట్టకు. మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు.

దీపాలు తోదేర్ కోసం. రెండేళ్ళయింది అతనికి మెదడు జబ్బని డాక్టర్లు చెప్పి. మరిచిపోవడమొక్కటే అయితే ఎలాగో నెట్టుకొద్దును. లేనివి కనిపిస్తాయి, ఉన్నవి మరోలా కనిపిస్తాయి. మూలలో నీడ పడితే అక్కడెవరో కూర్చున్నారంటాడు. నేల మెరిస్తే నీళ్ళంటాడు. నలభై ఏళ్ళు దాన్యూబ్ మీద పడవలు నడిపిన మనిషి. "లోతు చూడకుండా దిగనే, వెదురు తీసుకురా" అని గుమ్మంలోనే నిలబడిపోతాడు. అలా నిలబడి ఉండగానే బట్టలు తడుపుకుంటాడు. తరవాత ఏడుస్తాడు. నువ్వు తువ్వాలు పరుచుకోమన్నావు. ఫ్రోసా ఇచ్చిన నల్ల కాళ్ళపట్టా పరిచాను. అది అతని కంటికి గొయ్యి. పోయిన మంగళవారం సాయంత్రం నాలుగింటికి, డెబ్బై నాలుగేళ్ళ మనిషి దాన్ని దూకాడు. కుడిచేతి మణికట్టు విరిగింది. ఇప్పుడు చెంచా కూడా నేనే పెడుతున్నాను.

అద్దం సంగతి. నువ్వు నవ్వుకున్నావు కదా. అద్దంలో ముసలివాడెవడో నిలబడి తననే చూస్తున్నాడంటాడు. వాడు వెళ్ళేదాకా చొక్కా విప్పడు. "అయ్యా, కాస్త బయట ఉంటారా, మా ఆవిడ నాకు స్నానం చేయించాలి" అని బతిమాలతాడు. వాడు కదలడు. గంటసేపు నీళ్ళు చల్లారిపోతూ ఉంటాయి. నేను తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటాను.

నీకెందుకు చెప్పలేదంటావు. మొదట్లో, ఇంకా తెలివిగా ఉన్న రోజుల్లో, అతనే వద్దన్నాడు. "ఎవరికైనా చెప్పు, మీ అన్నకి మాత్రం వద్దు" అన్నాడు. నేనూ చెప్పదలచలేదు. నోరు పారేసుకున్నందుకు దేవుడే మూయించాడని నువ్వు ఎక్కడో మనసులో అనుకుంటావని భయం. అనుకుంటావో లేదో నాకు తెలియదు. ఆ భయం ఉందని మాత్రం రాస్తున్నాను.

అమ్మ గది అన్నావు. ఆ గదిలో అమ్మని నాలుగేళ్ళు పక్క మీదనుంచి ఎత్తింది తోదేర్. నా నడుము పట్టేసిన రోజుల్లో అత్తగారి తలకి నీళ్ళు పోసింది కూడా అతనే, కళ్ళు మూసుకుని, నేను చెబుతుంటే. నువ్వు ఏడాదికొక డబ్బా తేనె పంపావు. అమ్మ పోయాక పెట్టిన భోజనాల దగ్గర అతను ఏమన్నాడు? "పూలచక్రం మాత్రం అందరికన్నా పెద్దది తెచ్చావు బావా" అన్నాడు. అంతమందిలో అనకూడదు, నిజమే. నువ్వు గ్లాసు బల్ల మీద పెట్టి రైలెక్కావు. పదమూడేళ్ళు. మీ ఇద్దరి మధ్యా నేను రెండు చేతులా పళ్ళెం పట్టుకుని నిలబడ్డట్టే ఉన్నాను. చేతులు నొప్పి పుడుతున్నాయి అన్నయ్యా.

పందెలే శనివారం వెళ్ళిపోతున్నాడు. మిగతా పని అలాగే ఉంటుంది.
రుక్సాంద


సిబియూ,
2014 నవంబరు 20

రుక్సాందా,

ఉత్తరం అందింది. చదివాను. మర్నాడు మళ్ళీ చదివాను. స్కేలు తీశాను, లోపల పెట్టేశాను. మూడు రోజులు వంట చేసుకోలేదు.

నువ్వు భయపడిన మాట నేను అనుకోలేదు. అనుకుని ఉండేవాణ్ణేమో, రెండేళ్ళ కిందటే తెలిసి ఉంటే. ఇప్పుడు అనుకోవడానికి బలం లేదు.

అద్దం మీద వేసిన వేళాకోళం వెనక్కి తీసుకోలేను, కాగితం నీ దగ్గరుంది. చింపెయ్యి.

నేను గీసింది నీకోసం. నీ ఎత్తు, నీ ఎడమచెయ్యి, నీ కూరగాయల కత్తి. బావకయితే అది మొదటి గీత నుంచీ తప్పే. కొత్తగా గీయాలంటే కొన్ని తెలియాలి. నడిచేటప్పుడు ఎక్కడ చూస్తాడు, ముందుకా, కాళ్ళవంకా? ఇప్పటికీ అంత పొడుగ్గానే ఉన్నాడా, వంగిపోయాడా? ఏ వేళ మంచిగా ఉంటాడు, ఏ వేళకి భయం మొదలవుతుంది? కిటికీ అద్దంలో కూడా మనుషులు కనిపిస్తారా? ఏ రంగు చూస్తే ఊరుకుంటాడు?

నీకు వీలున్నప్పుడు రాయి. తొందర లేదు. ఉంది, కానీ నిన్ను తొందరపెట్టను.
నెకులాయ్


గలాట్స్,
2014 నవంబరు 29

అన్నయ్యా,

నిన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. తోదేర్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "సముద్రం దాకా వచ్చేశామా?" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను, అతనూ నవ్వాడు. అలాంటి రోజులు కూడా ఉన్నాయి. అన్నీ చెడ్డరోజులే అనుకోకు.

నువ్వడిగినవి. తల దించుకుని కాళ్ళవంకే చూస్తూ నడుస్తాడు, గోడకి చెయ్యి రాసుకుంటూ. వంగాడు, అయినా నాకన్నా తలంత ఎత్తు. పొద్దున్న పదింటిదాకా దాదాపు మామూలు మనిషి. మధ్యాహ్నం నిద్రపోతాడు. ఈ రోజుల్లో మూడున్నరకే వెలుతురు తగ్గుతుందిగా, అప్పుడు లేస్తాడు, లేవడమే కంగారుగా లేస్తాడు. వంటగది కిటికీ నల్లబడగానే అందులో మనుషులు నడుస్తారు. నేను కిటికీకి దుప్పటి కట్టాను. స్నానాలగదిలో తెల్ల తొట్టి, తెల్ల గోడ, తెల్ల కమోడు. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియక తడుముకుంటాడు. ఎర్రరంగు గుర్తుపడతాడు. పడవల మీద ఎర్రబుడ్డి దీపం ఎడమవైపు, ఆకుపచ్చది కుడివైపు. అది మాత్రం మరిచిపోలేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

పందెలే వెళ్ళిపోయాడు. గోడలో వైర్లు బయటికి వేలాడుతున్నాయి. వాటికి చివర్ల టేపు చుట్టి వెళ్ళాడులే.

ఎల్లుండి కట్టు చూపించడానికి ఆసుపత్రికి వెళ్ళాలి. మూడు అంతస్తుల మెట్లు. ఆలోచిస్తేనే కూర్చోవాలనిపిస్తోంది.
రుక్సాంద


సిబియూ,
2014 డిసెంబరు 7

రుక్సాందా,

నిన్న నా పేరింటి పండగ, నాకు పేరిచ్చిన పునీతుడి రోజు. పక్కింటివాళ్ళు కేకు ముక్క ఇచ్చి వెళ్ళారు. అది తింటూ గీశాను.

కప్పులో నాలుగు దీపాలూ తీసేయాలి. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉండకూడదు అతనికి. గోడ పైభాగాన చుట్టూ పట్టీ దీపం, వెలుతురు కప్పుకి తగిలి కిందికి దిగాలి, మబ్బు పట్టిన పగటిలా. తెల్లటిది కాదు, కొంచెం పసుపుది. నేలకి మెరుపు లేని లేతరంగు పలకలు, నడవలోనూ గదిలోనూ ఒకటే రంగు, గుమ్మం దగ్గర గీత కూడా తెలియకూడదు. కమోడు మూత ఎర్రది. అల్మరా అద్దం మీదికి జారే చెక్క తలుపు, నువ్వు పళ్ళు తోముకునేటప్పుడు తీసుకో, తరవాత మూసేయి. వంటగది కిటికీకి దుప్పటి కాదు, సరైన తెర. దీపాలు మూడింటికే వాటంతటవే వెలిగేలా గడియారం స్విచ్చి. వెలుతురు తగ్గిందని అతనికి తెలియనే కూడదు.

ఇదంతా రాసి, చదువుకుని, వేరొకడి చేతికి ఇవ్వకూడదనిపించింది. పదిహేనో తారీఖు సాయంత్రం రైలుకి దిగుతాను. పనిముట్లు తెచ్చుకుంటున్నాను. నాకోసం ప్రత్యేకంగా ఏమీ వండకు. నేను చుట్టంలా రావడం లేదు.

నన్ను చూసి ఎవరని అడిగితే కరెంటు మేస్త్రి అని చెప్పు. గుర్తుపట్టి తిడితే తిట్టనియ్యి, ఎటూ వినపడదు.
నెకులాయ్


గలాట్స్,
2015 జనవరి 12

అన్నయ్యా,

నువ్వు వెళ్ళి మూడు వారాలయింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో చెబుతాను, ముందు దీపాల సంగతి.

మూడింటికి అన్నీ వెలుగుతున్నాయి. తోదేర్ నిద్రలేచేసరికి ఇంట్లో ఇంకా మధ్యాహ్నమే. నడవలో గోడకి చెయ్యి రాసుకుంటూ వెళతాడు, గుమ్మం దగ్గర ఆగడు, ఎర్రమూత చూసి తనంతట తను కూర్చుంటాడు. పది రోజుల్లో రెండుసార్లే బట్టలు మార్చాను. ఇది ఎంత పెద్ద మాటో నీకు తెలియకపోవచ్చు. ముసలివాడు కనపడటం లేదు. ఒకరోజు మాత్రం, "ఆ పెద్దాయన వెళ్ళిపోయాడా? పాపం, ఏమీ తినకుండానే" అన్నాడు.

ఇంకొకటి కూడా ఉంది, దాచను. అంత బాగుండేసరికి ఈ ఇల్లు తనది కాదనుకుంటున్నాడు. భోజనం అయ్యాక కుర్చీలోంచి లేచి, "మంచి వెలుతురున్న ఇల్లు, మర్యాదస్తులు. వీళ్ళకి థాంక్స్ చెప్పి ఇక మనింటికి పోదామా?" అంటాడు. మొదటిరోజు వంటగదిలో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు కోటు వేసి, మెట్ల మీద ఒక అంతస్తు దింపి, ఫ్రోసా తలుపు ముందు ఒక నిమిషం కూర్చోబెట్టి, మళ్ళీ పైకి తీసుకొస్తున్నాను. "అమ్మయ్య, వచ్చేశాం" అంటాడు. ఒక్కోరోజు రెండుసార్లు.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్ళేముందు రోజు పొద్దున్న, నువ్వు స్టూలు ఎక్కి స్నానాలగది గోడ పైన పట్టీ బిగిస్తున్నావు. తోదేర్ తొట్టి అంచు మీద కూర్చుని స్క్రూల డబ్బా పట్టుకున్నాడు. నీ వీపు అతని వైపు. నేను నడవలో బట్టలు మడతపెడుతున్నాను. అతను నీతో చాలాసేపు మాట్లాడాడు. నువ్వు మధ్యమధ్య తల ఊపావు, "ఆ, ఆ" అన్నావు, స్క్రూ కోసం చెయ్యి చాపావు. నీకు వినపడలేదు. నాకు వినపడింది. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"మా బావమరిది కూడా కరెంటు పనివాడేనయ్యా. నీకన్నా మంచి పనివాడు, ఏమీ అనుకోకు. మా ఇంటికి రాడు. నేనే తరిమేశాను. వాళ్ళమ్మ పోయిన రోజున నలుగురిలో ఒక మాటన్నాను. అది అబద్ధమైతే మర్నాడే తిరిగొచ్చి నా పళ్ళు రాలగొట్టేవాడు. నిజం గనుకే రాలేకపోయాడు. నిజం చెప్పి మనిషిని వెళ్ళగొట్టాను. మా ఆవిడకి ఇంకెవరూ లేరు. నేనూ ఇక ఎన్నాళ్ళు ఉంటాను. నీకు ఎప్పుడైనా కనిపిస్తే చెప్పు, తోదేర్ రమ్మన్నాడని చెప్పు."

తరవాత స్క్రూల డబ్బాలోకి చూసి, "ఇవన్నీ ఎవరివి?" అన్నాడు.

అప్పుడే నీ భుజం తట్టి చెప్పాల్సింది. నువ్వు స్టూలు మీద ఉన్నావు, పైగా ఆ మాట నీ చెవిలో అరిచి చెప్పేది కాదు, ఫ్రోసాకి కూడా వినిపించేలా. స్టేషనులో చెబుదామనుకున్నాను, చెప్పలేదు. మూడు వారాలు మోశాను. ఇప్పుడు నీది నీకు పంపిస్తున్నాను.

అలసిపోయాను అన్నయ్యా. దీపాలు బాగున్నాయి. నేనే బాగాలేను.
రుక్సాంద


సిబియూ,
2015 జనవరి 21

చెల్లీ,

అతనన్నది నిజం. మర్నాడే కాదు, అదే సాయంత్రం ప్లాట్‌ఫారం మీదే తెలుసు. అమ్మకి బాగాలేదని నువ్వు రాసిన ప్రతిసారీ యార్డులో పనుందనీ, తరవాత హెర్మినాకి బాగాలేదనీ రాశాను. హెర్మినాకి ఎప్పుడూ బాగానే ఉండేది. పొయ్యి ముందు ఒక్క నిమిషంలో పోయింది, ఆవిడ కూడా నాచేత ఏ సేవా చేయించుకోలేదు. నేను భయపడ్డాను. అమ్మని ఆ స్థితిలో చూడటానికి భయం. నాలుగేళ్ళపాటు భయపడి, తరవాత అందరికన్నా పెద్ద పూలచక్రం కొన్నాను.

ఫిబ్రవరి రెండున వస్తున్నాను. నెల రోజులుంటాను. నువ్వు ఫ్రోసా ఇంట్లో పడుకో, ఆవిడకి కూడా ఉత్తరం రాశాను, ముందుగది ఖాళీగానే ఉందని నేనొచ్చినప్పుడు చూశాను. కావలసినంత నిద్రపో. లేచాక డాక్టరు దగ్గరికి వెళ్ళు, కళ్ళకి కాదు, నీకు.

ఈ లోపల నాకు ఒక పని చేసిపెట్టు. అతనికి స్నానం ఎలా చేయించాలో వివరంగా రాసి పంపు. ఏది ముందు, ఏది తరవాత. నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలి, చేత్తో చూడాలా, మోచేత్తోనా? చొక్కా ఏ చేతి నుంచి విప్పాలి? తల మీద నీళ్ళు పోసేటప్పుడు కళ్ళు ఎలా కాపాడతావు? మధ్యలో భయపడితే ఏమంటావు? అన్నీ రాయి, చిన్నదని వదిలేయకు. నాకు డెబ్బై మూడేళ్ళు రుక్సాందా, ఈ జన్మలో ఇంతవరకూ ఎవరికీ స్నానం చేయించలేదు.

నెకులాయ్